నాస్తికుల సీటు నిండిపోయింది

వోల్ఫ్స్‌బర్గ్, జర్మనీ,
నవంబరు, గురువారం సాయంత్రం

సౌభాగ్యవతి ఆదిలక్ష్మికి మీ ఆయన రాయునది.

ఇక్కడ అమ్మాయి, అల్లుడు, మనవరాలు, నేను అందరం కులాసా. ‘దేవుడి దయవల్ల’ అనే మాట నీకు ఎక్కడ కావాలంటే అక్కడ చేర్చుకుని చదువుకో, నాకేమీ అభ్యంతరం లేదు. నువ్వూ, మీ చెల్లెలు శాంతా కూడా అలాగే ఉన్నారని తలుస్తాను.

ఆవకాయ పార్సిల్లో నువ్వు పెట్టిన ఉత్తరం అందింది. సీసా మూత కొంచెం కారినట్టుంది. నూనెకి రెండో పేజీలో ఇటు అక్షరాలూ అటు అక్షరాలూ కలిసిపోయాయి. అయినా వదలకుండా చదివాను. నువ్వు తిట్టినవన్నీ స్పష్టంగానే ఉన్నాయి.

నీ ప్రశ్నలకు వరసగా జవాబులు రాస్తున్నాను. బీపీ మాత్రలు వేసుకుంటున్నాను. స్వెట్టరు మీద స్వెట్టరు వేసుకుంటున్నాను. ఇక్కడ సూర్యుడు ఈ నెలలో పదింటికి ఆఫీసుకొచ్చి నాలుగింటికి సంచీ సర్దుకునే గుమస్తాలా ఉన్నాడు. కార్తీక పౌర్ణమికి ప్రవీణ దీపం పెట్టిందా అని అడిగావు. పెట్టింది. ఆఫీసు నుంచి వచ్చి దీపం పెట్టి, ఫొటో తీసి నీకు పంపి, ఆర్పేసింది. దసరాకి దుర్గమ్మనీ, కార్తీకంలో దీపాలనీ వదిలి రానని నువ్వు విజయవాడలోనే ఉండిపోవడం ఒకందుకు మంచిదయింది, ఇది చూస్తే నీకు ప్రాణం ఉసూరుమనేది.

అల్లుడికి నా మీద కోపంగా ఉందా అని అడిగావు. ఉండేది, ఇప్పుడు లేదు. స్నిగ్ధకి ఒక్క శ్లోకమైనా నేర్పనిచ్చారా, లేక అక్కడ కూడా మీ హేతువాద సంఘం బ్రాంచి తెరిచారా అని కూడా అడిగావు. ఈ రెండింటికీ జవాబు ఒకటే, కాకపోతే చాలా పెద్దది. దీపాల పని ఏమైనా ఉంటే చూసుకుని వచ్చి, కుర్చీ వేసుకుని కూర్చుని చదువు.

నేను వచ్చిన కొత్తల్లోనే స్నిగ్ధ బడి నుంచి ఒక కాగితం తెచ్చింది. ఇక్కడ ప్రభుత్వ బడిలోనే మతం ఒక పీరియడు. లెక్కల్లాగే దానికీ మార్కులు. క్రైస్తవ మతం వద్దనుకున్న పిల్లలకి ‘విలువలు, నియమాలు’ అనే ఇంకో పీరియడు వీళ్ళ బడిలో ఈ ఏడాదే పెట్టారు. పిల్లని ఏ గదిలో కూర్చోబెట్టాలో తల్లిదండ్రులు టిక్కు పెట్టి పంపాలి. మన శశికాంత్ పెన్ను తీసి మతం పక్కన టిక్కు పెట్టబోయాడు.

“అది క్రైస్తవ మతం కదా నాయనా” అన్నాను.

“ఏ దేవుడైతేంది మామయ్యా, దేవుడు దేవుడే గదా” అన్నాడు. “గా రెండోది తీసుకున్నమనుకో, వీళ్ళకు దేవుడే లేడనుకుంటరు. నలుగుట్ల ఇజ్జత్ ఏముంటది?”

చూశావా, దేవుడు లేనివాళ్ళమని నలుగురూ అనుకుంటారేమోనన్న భయంతో, సాయిబాబా లాకెట్టు వేసుకునే మనిషి తన కూతుర్ని చర్చి పాఠానికి పంపడానికి సిద్ధపడ్డాడు. ఇక నేను ఆగలేకపోయాను. సోఫా ముందు నిలబడి ఉపన్యాసం మొదలుపెట్టాను. మతం ఇంట్లో ఉండాలి, బడిలో మనిషి ఉండాలి. పసివాళ్ళకి దేవుణ్ణి కాదు, ప్రశ్న అడగడం నేర్పాలి. తెనాలి మీటింగులో జనం చేత చప్పట్లు కొట్టించిన ఉపన్యాసమే అది. ఇక్కడ చప్పట్లు లేవు, కుక్కరు విజిల్ ఒక్కటే వినిపించింది. అల్లుడు ముఖం ముడుచుకున్నాడు.

“మీరిద్దరూ కాసేపు ఆగండి నాన్నా. చదివేది అది, దాన్నే అడుగుదాం” అంది ప్రవీణ.

స్నిగ్ధ ట్యాబ్ మీంచి తల ఎత్తలేదు. “విలువలు క్లాస్. ఐలిన్ అందులోనే ఉంది” అంది. ఐలిన్ అంటే దాని ప్రాణ స్నేహితురాలు, టర్కీ వాళ్ళమ్మాయి. అల్లుడి భక్తీ నా హేతువాదమూ రెండూ ఐలిన్ ముందు దిగదుడుపే అయ్యాయి. అయినా గెలిచింది నేనేనని లెక్కేసుకున్నాను. ఆ ఊపులో ఇంకో మాట కూడా అనేశాను: ఇంట్లో కూడా దాని బుర్రలోకి దేవుడి కథలు ఎక్కించొద్దు, పెద్దయ్యాక తనే తెలుసుకుంటుంది అని. వీళ్ళకా ఆఫీసుల నుంచి తీరిక లేదు. హమ్మయ్య, ఒక పని తగ్గిందనుకున్నారు.

ఆ విలువల పీరియడులో ఈ నెల పాఠం ఏమిటో తెలుసా? ప్రపంచ మతాలు. ఏ మతం దేవుణ్ణయితే నేను వాకిట్లోంచి వెళ్ళగొట్టానో, ఆ దేవుడు మిగతా మతాల దేవుళ్ళందర్నీ వెంటబెట్టుకుని పెరటి దారిన వచ్చేశాడు. పైగా ఒక్కో పిల్ల ఇంటి నుంచి ఒక్కో పెద్దమనిషి వచ్చి తమ ఇంటి పద్ధతి చెప్పాలి. ఐలిన్ నాన్న నమాజు చాప పరిచి చూపించాడు. పోలండు అమ్మాయి వాళ్ళ నాయనమ్మ జపమాల తెచ్చింది. హిందువులనేవాళ్ళు ఆ క్లాసులో మన స్నిగ్ధ ఒక్కతే.

యోనస్ అని ఒక పిల్లాడున్నాడు. మీ దేవుడికి ఏనుగు తల ఎలా వచ్చిందని అడిగాడట. తెలీదంది. మీరు రోజూ ఇంట్లో ఏం చేస్తారన్నాడట. అదీ తెలీదంది. “అయితే నువ్వు నిజంగా హిందువువేనా?” అన్నాడట. వాడు మామూలుగానే అడిగి ఉంటాడు, తొమ్మిదేళ్ళవాడికి వెటకారం ఏం తెలుసు? కానీ ఇది ఇంటికొచ్చి బూట్లు కూడా విప్పకుండా గుమ్మంలోనే కూలబడి ఏడ్చింది.

“ఐలిన్‌కి అన్నీ తెలుసు తాతయ్యా. నాకు నథింగ్. నాకెవ్వరూ చెప్పలేదు.”

ఆదీ, ప్రశ్న అడగడం నేర్పమని గొంతు చించుకున్నవాణ్ణి నేను. ఎవరైనా దీన్ని ప్రశ్న అడిగితే చెప్పుకోవడానికి దీని దగ్గర ఏమీ లేకుండా చేసినవాణ్ణి కూడా నేనే. చాలా బాధేసింది. అంతలో అసలు సంగతి బయటపెట్టింది: “మా ఓపా వస్తాడు, ఆయన టీచరు, ఆయనకి అన్నీ తెలుసు అని చెప్పేశాను.” ఓపా అంటే ఇక్కడ తాత. మంగళవారం నేను వెళ్ళాలి. వెళ్ళకపోతే ఆ క్లాసులో ఇది ఇంక తలెత్తలేదు.

అల్లుణ్ణి పిలిచాను. ఇజ్జత్ అన్నావు కదా నాయనా, నువ్వు వెళ్ళు అన్నాను.

“నేనా? నాకు దండం పెట్టుడొక్కటే ఎరుక మామయ్యా. అర్థాలడిగితే గూగుల్ చెయ్యాలె” అన్నాడు. అబద్ధమాడలేదు, ఆ నిజాయితీకి మెచ్చుకున్నాను. ప్రవీణకి ఆ రోజే వీసా ఆఫీసులో టెర్మిన్, అంటే అపాయింట్‌మెంటు. ఇక్కడ టెర్మిన్ దొరకడమంటే తిరుపతిలో దర్శనం టికెట్టు దొరకడమే, దాన్ని వదులుకోమని నేను కూడా అనలేను.

సరే, నిజాయితీగా ఒక దారి వెతుక్కుందామని బడికి వెళ్ళి టీచరు ఫ్రౌ లిండెమాన్‌ని కలిశాను. ఆవిడకి ఇంగ్లీషు వచ్చు. నేను ఏ దేవుణ్ణీ నమ్మనివాణ్ణి, ఆ విధంగానే మాట్లాడతాను, మహిమలు బూటకమని చూపడానికి నాలుక మీద కర్పూరం వెలిగిస్తాను, మా జిల్లాలో ఎన్నో బళ్ళలో వెలిగించాను అన్నాను. ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది.

యోనస్ వాళ్ళమ్మ పోయిన వారమే వచ్చి, దేవుడు లేకుండా మంచిగా బతకడం గురించి చక్కగా చెప్పి వెళ్ళిందట. నాస్తికుల సీటు నిండిపోయిందట. ఖాళీగా ఉన్నది హిందువుల సీటు ఒక్కటేనట. నాలుక మీద మంట మాత్రం ఏ మతం తరఫునా వద్దంది.

చూశావా నా గ్రహపాటు! ఈ మాట నేను వాడకూడదు, కానీ వేరే మాట దొరకడం లేదు. నాకోసమే పుట్టిన సీటులో ఎవరో మహాతల్లి ముందే వచ్చి రుమాలు వేసేసింది. అడకత్తెరలో పోకచెక్కలా ఇంటికొచ్చాను. నమ్మనిది నమ్మినట్టు చెప్పను, నేను అబద్ధమాడను అని స్నిగ్ధకి చెప్పాను.

అది రెండు చేతులతో నా చెయ్యి పట్టుకుని బతిమాలింది. “బిట్టె తాతయ్యా. ఒక్క రోజు. తర్వాత మళ్ళీ నమ్మకుండా ఉండు.”

ఆ రాత్రి భోజనాల దగ్గర నాకు దారి తట్టింది. నేను నమ్మేది చెప్పక్కర్లేదు. మా ఇంట్లో పొద్దున్నే ఒకావిడ ఏం చేస్తుందో చెబితే చాలు. అందులో అబద్ధం లేదు, నేను రోజూ కళ్ళారా చూసేదే. పేపరు అడ్డం పెట్టుకుని చూస్తానన్నది వేరే సంగతి.

పెళ్ళప్పుడు ప్రవీణ పెట్టెలో నువ్వు సర్దిన ఇత్తడి సామాను ఇక్కడ కెల్లర్లో, అంటే భవనం అడుగున ప్రతి ఇంటికీ ఇచ్చే కొట్టులో, సైకిలు టైర్ల వెనక దొరికింది. కుంది, గంట, హారతి పళ్ళెం నల్లబడి ఉన్నాయి. వంటింట్లో కూర్చుని చింతపండు పెట్టి తోముతుంటే ప్రవీణ వచ్చి నోరు తెరుచుకుని నిలబడిపోయింది.

“నాన్నా, ఏం చేస్తున్నారు?”

“కెమిస్ట్రీ. ఆమ్లం తగిలితే లోహం మీద చిలుము కరుగుతుంది” అన్నాను. అది పక్కన కూర్చుని గంట తీసుకుని తోమింది. కాసేపటికి అల్లుడొచ్చి పళ్ళెం తీసుకున్నాడు. మా మధ్య ముడి విడిపోయింది ఆ చింతపండుతోనే.

మంగళవారం వెళ్ళాను. పిల్లలందరూ కుర్చీలు గుండ్రంగా వేసుకుని కూర్చున్నారు. నేను తెలుగులో చెప్పాలి, స్నిగ్ధ నా పక్కన నిలబడి జర్మనులో చెప్పాలి. మొదటి మాటగా చెప్పులు విప్పించాను. టీచరు చేత కూడా విప్పించాను. ఎడమ చేత్తో పువ్వు అందుకోబోయిన యోనస్‌ని ఆపి కుడి చెయ్యి చాపమన్నాను. గంట ఊరికే ఆడించబోయిన ఇంకో పిల్లకి, ఇది ఆటవస్తువు కాదని చెప్పాను. నా గొంతులో మీ నాన్నగారి గొంతు వినిపించి నాకే భయమేసింది.

వినాయకుడి కథ మొదలుపెట్టాను. శివుడు పిల్లాడి తల నరికాడనగానే యోనస్ చెయ్యెత్తి ఏదో అడిగాడు. స్నిగ్ధ నా చెవిలో చెప్పింది: “యుగెండ్‌అమ్ట్ రాలేదా అంటున్నాడు.” అంటే తల్లిదండ్రులు పిల్లల్ని కొడితే వచ్చి పట్టుకుపోయే ఆఫీసు. ఇక్కడ మనవాళ్ళకి యముడి కంటే దానంటేనే భయం. ఇంకేం చెయ్యను, శివుణ్ణి నేనే వెనకేసుకొచ్చాను. ఆయనకి తన కొడుకని తెలీదు, తెలిశాక చాలా బాధపడ్డాడు, ఏనుగు తల పెట్టి, ఇక మీదట అందరికంటే ముందు పూజ నీకేనని మాటిచ్చాడు అన్నాను. యోనస్ ఆలోచించి, క్షమాపణ అడిగితే సరేనన్నాడు. జీవితమంతా ఆ కథని ఉతికి ఆరేసినవాణ్ణి, చివరికి శివుడి తరఫు వకీలునయ్యాను.

ఆ తర్వాత వినాయకుడి శ్లోకం చదివాను. మొత్తం, ఎక్కడా తడుముకోకుండా. నీకెలా వచ్చు అని స్నిగ్ధ కళ్ళు పెద్దవి చేసింది. మీ అమ్మమ్మ రోజూ చదివితే మా ఇంటి గోడలకి కూడా వచ్చేసింది అన్నాను. నీ ప్రశ్నకి ఇదీ జవాబు: ఈ రెండు రోజుల్లో దానికి కూడా ఆ శ్లోకం వచ్చింది. నేర్పింది నేను.

ఇక హారతి. ఫ్రౌ లిండెమాన్ ఒక బ్యాటరీ కొవ్వొత్తి తెచ్చి పళ్ళెంలో పెట్టింది, గదిలో మంట కూడదట. ఇది చెల్లదన్నాను. చెల్లదన్నది నేనేనమ్మా, కళ్ళు నలుపుకోకు. శంఖంలో పోస్తేగానీ తీర్థం కాదన్నట్టు పట్టుబట్టాను. దీపమంటే నూనె ఉండాలి, వత్తి ఉండాలి, నిప్పు ఉండాలి, బ్యాటరీకి దండం పెట్టేటట్టయితే మా ఇంట్లో టార్చిలైటు ఉంది అన్నాను. ఆవిడ నవ్వి, అయితే ఆవరణలో చేద్దామంది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారే, ఇక్కడ ఆ పూజారి హౌస్‌మైస్టర్. బడికి వాచ్‌మనూ, మేస్త్రీ, ఎలక్ట్రీషియనూ అన్నీ ఆయనే. ముందు కుదరదన్నాడు. తర్వాత బకెట్టుతో నీళ్ళు తెచ్చుకుని నా పక్కనే నిలబడ్డాడు.

బయట చెప్పులు విప్పమనే ధైర్యం నాకు కూడా లేదు, అంత చలి. దీపం వెలిగించడం, గాలికి ఆరిపోవడం, మళ్ళీ వెలిగించడం. అప్పుడు ఐలిన్ తన కోటు గుండీలు విప్పి రెండు వైపులా రెక్కల్లా చాపి దీపానికి అడ్డం నిలబడింది. అది చూసి పోలండు పిల్ల, యోనస్, అందరూ అలాగే కోట్లు చాపి చుట్టూ నిలబడ్డారు. హౌస్‌మైస్టర్ కూడా బకెట్టు కింద పెట్టి తన జాకెట్టు విప్పి పట్టుకున్నాడు. మధ్యలో దీపం కదలకుండా వెలిగింది. స్నిగ్ధ గంట కొట్టింది. దాని ముఖం నువ్వు చూసి ఉండాల్సింది, ఆదీ. ఆ పిల్ల కోసం నేను ఇంకో పది మతాల పూజలైనా చేసేవాణ్ణి.

ఇంతవరకు రాసి ఆగి టీ తాగొచ్చాను. ఇప్పుడు రాసేది బ్రహ్మయ్యకి మాత్రం చెప్పకు. సంఘం కార్యదర్శి కదా, తీర్మానం పెట్టి నా సభ్యత్వం తీసేస్తాడు. కర్పూరం వెలిగించి పళ్ళెం తిప్పాక, దాన్ని పిల్లల ముందు పెట్టి ఏం చెయ్యాలో చెప్పబోతున్నాను. ఈలోగా నా చేతులు వాటంతట అవే మంట మీదికి వెళ్ళాయి. కళ్ళకద్దుకున్నాను. కళ్ళు మూసుకున్నాను కూడా. అది భక్తి కాదు, వేళ్ళు గడ్డకట్టుకుపోయి వెచ్చదనం కోసం వెళ్ళాయని నేను అంటున్నాను. నువ్వు నమ్మవని తెలుసు. నేను కూడా పూర్తిగా నమ్మడం లేదు.

లోపలికొచ్చాక ప్రశ్నలు. యోనస్ తెలివైనవాడు. అన్నీ మీ ఆవిడ చేస్తుంది, మీ ఆవిడ చదువుతుంది అంటున్నారు, అప్పుడు మీరేం చేస్తారు అన్నాడు. పేపరు చదువుతాను అన్నాను. మీరు దేవుణ్ణి నమ్మరా అన్నాడు. క్లాసంతా నన్నే చూస్తోంది. స్నిగ్ధ నా వైపు చూడలేదు, కింద తన మేజోళ్ళ వైపు చూస్తోంది. ఇంత కష్టపడి నిలబెట్టిన దాని పరువు నా ఒక్క మాటతో కూలిపోతుందేమోనని భయమేసింది. కానీ పిల్లల ముందు అబద్ధం నా వల్ల కాదు. “నమ్మను” అన్నాను.

నేను చెప్పింది ఒక్క మాట. స్నిగ్ధ మాత్రం చాలాసేపు చెప్పింది. పిల్లలు తలలూపారు, ఫ్రౌ లిండెమాన్ కళ్ళజోడు తీసి మళ్ళీ తుడుచుకుంది. ఏం చెప్పిందని తర్వాత ఆవిడని అడిగాను. “మా తాతయ్య నమ్మడు. కానీ అమ్మమ్మ పూజ చేసేటప్పుడు టీవీ సౌండు తగ్గించేస్తాడు, ఎవరైనా గట్టిగా మాట్లాడితే ఊరుకోడు. మా ఇంట్లో అలా” అందట. మూడేళ్ళ క్రితం సెలవులకొచ్చినప్పుడు చూసి గుర్తు పెట్టుకుంది. నేను టీవీ తగ్గిస్తానని నాకే తెలీదు. నీకు తెలుసా?

చివర్లో ఐలిన్ చెయ్యెత్తింది. “మీ ఆవిడ రోజూ దేవుణ్ణి ఏం అడుగుతుంది?”

ఏ పువ్వు ఏ పటానికి పెడతావో చెప్పగలను. నైవేద్యంలో బెల్లం ఏ రోజు, అరటిపండు ఏ రోజు అన్నదీ చెప్పగలను. అంతా అయ్యాక చేతులు జోడించి, కళ్ళు మూసుకుని, పెదాలు కదిలీ కదలకుండా కాసేపు నిలబడతావు. అప్పుడేమంటావో నాకు తెలీదు. ఎవర్ని అడుగుతున్నావన్నదాని మీద ఇన్నేళ్ళూ నీతో పోట్లాడాను గానీ, ఏం అడుగుతున్నావని ఒక్కసారి కూడా అడగలేదు. సిగ్గేసింది ఆదీ. యాభైమంది పిల్లల ముందు ఏనాడూ తడబడనివాణ్ణి, ఆ చిన్న క్లాసులో తెలీదని ఒప్పుకున్నాను.

“అయితే అడిగి చెప్పండి” అంది ఐలిన్. ఫ్రౌ లిండెమాన్ వెంటనే బోర్డు మీద రాసింది: స్నిగ్ధ తాతగారికి హోంవర్కు. నేను ఊరికి బయల్దేరేలోగా ఒప్పజెప్పాలట.

అందుకే ఈ ఉత్తరం. అల్లుడి స్నేహితుడు సాయి కిరణ్ వారం రోజుల పని మీద విజయవాడ వస్తున్నాడు, అతనే నీకు ఇస్తాడు. తిరుగు ప్రయాణంలో జవాబు పంపు. వాదించను. శాస్త్రీయం కాదనను. పిల్లలకి చెప్పదగ్గది ఒక కాగితం మీద రాయి. పిల్లలకి చెప్పనక్కర్లేనిది, నాకొక్కడికే చెప్పవలసింది ఏదైనా ఉంటే, ఇంకో కాగితం మీద రాయి. నేను ఎదురు చూసేది ఆ రెండో కాగితం కోసం.

ఇట్లు,
ఆలస్యంగా అడుగుతున్న మీ ఆయన,
విశ్వనాథం